మైనం కోసం పంట వద్దు, పంటలో ఉన్న మైనం చాలు

మా పెదనాయన కొడుకు అనంతపురం దగ్గర నార్పల పక్కన చీనీ (బత్తాయి) తోట పెట్టి బాగానే వెనకేసుకున్నాడు, బోర్లు ఎండేదాకా. ఈమధ్య నాకొక వీడియో పంపించాడు. ఎడారిలో పెరిగే మొక్కంట, నీళ్లు అక్కర్లేదంట, మందులు అక్కర్లేదంట, కాండం ఉడకబెడితే మైనం వస్తుందంట, దాన్ని విదేశాల వాళ్లు ఎగబడి కొంటారంట. వీడియో చూడటం పూర్తికాకముందే ఫోన్ మోగింది. "అన్నా, నువ్వు పిల్లోళ్లకు కెమిస్ట్రీ చెప్తావు కదా. ఇది నిజమేనా? చీనీ చెట్లు కొట్టేసి ఇది పెట్టేదా?"

మొక్క నిజమే, మైనం నిజమే, నీకు మాత్రం పనికిరాదు అన్నాను. ఎందుకు పనికిరాదో ఫోన్లో తెగలేదు. వాడికి చెప్పాల్సింది కాస్త పొడుగ్గా ఉంది, వాడిలాంటి వాళ్లు మన రాయలసీమలో ఇంకా చాలామంది ఉంటారు, అందుకే ఇక్కడ రాస్తున్నా. మొక్కల మైనాల మీద పరిశోధన దండగని నేననడం లేదు. నా దృష్టిలో అనంతపురం, కడప, కర్నూలు వాళ్లకు ఇంతకన్నా దగ్గరి సైన్సు ఇంకోటి లేదు. కాకపోతే మనం చూడాల్సిన చోట చూడకుండా ఇంకో చోట చూస్తున్నాం.

మైనం అంటే మనకు కొవ్వొత్తి గుర్తొస్తుంది. అంగట్లో దొరికే కొవ్వొత్తి చాలావరకు పెట్రోలియం నుంచి వచ్చిన పారఫిన్. మొక్కల మైనం వేరు. పొడవాటి కొవ్వు ఆమ్లం, పొడవాటి ఆల్కహాల్ కలిసి ఏర్పడే ఎస్టర్లు, వాటితోపాటు మరికొన్ని పొడవాటి కార్బన్ గొలుసులు. నీటికి అంటవు, తొందరగా చెడవు, మన కడుపు వాటిని పెద్దగా అరిగించుకోలేదు. దాదాపు 45 కోట్ల ఏళ్ల కిందట మొక్క నీళ్లలోంచి నేల మీదికి వచ్చినప్పుడు దానికి ఎదురైన మొదటి కష్టం ఎండిపోవడం. అందుకు అది కనిపెట్టుకున్న ఉపాయం ఒంటిమీద సన్నటి పొర. ఆ పొరలో నీటిని నిజంగా ఆపేది మైనమే.

చూడాలంటే మైక్రోస్కోప్ అక్కర్లేదు. చేను గట్టున ఆముదం చెట్టు ఉంటే దాని లేత కొమ్మను బొటనవేలితో ఒకసారి రుద్దండి. కొమ్మ మీదున్న తెల్లటి పొడి వేలికి అంటుకుంటుంది, రుద్దిన చోట అడుగునున్న ఎరుపో ఆకుపచ్చో గీతలాగా బయటపడుతుంది. వేళ్ల మధ్య ఆ పొడి జారుతూ ఉంటుంది, సున్నంలాగా గరగరలాడదు. రుద్దిన చోట ఒక నీటిచుక్క, రుద్దని చోట ఒక చుక్క వేయండి. ఒకటి పరుచుకుంటుంది, రెండోది గుండ్రంగా ముడుచుకుని జారిపోతుంది. జొన్న దంటు మీద ఆకు మొదలు చుట్టుకున్న చోట కనిపించే తెల్లదనం కూడా ఇదే. ద్రాక్ష మీద మసకగా ఉండేదీ ఇదే. చాలామంది దాన్ని మందు అనుకుని తెగ కడుగుతారు.

చీనీకాయతో ఇంకో పరీక్ష చేయొచ్చు. మా కాలేజీ పిల్లలతో చేయిస్తుంటాను. ఒకే చెట్టు కాయలు రెండు తీసుకుని, ఒకదాన్ని అట్లే ఉంచి, రెండోదాన్ని గోరువెచ్చని సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో గట్టిగా రుద్ది ఆరబెట్టాలి. రెండింటినీ పక్కపక్కన పెట్టి రోజూ తూకం వేయాలి. రుద్దిన కాయ బరువు వేగంగా పడిపోతుంది. తొడిమ దగ్గర ముందు మెత్తబడి, తర్వాత తోలు బిగుసుకుని ముడతలు పడుతుంది. లోపల రసం అదే, చెట్టు అదే, పోయింది కంటికి కనిపించని పొర ఒక్కటే. అనంతపురంలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల దగ్గర. ఇంత తక్కువ వానతో బతికే నేలకు నీటిని ఆపే పదార్థం కన్నా విలువైన పరిశోధన ఏముంటుంది?

ఇక వీడియో సంగతి. మా వాడు పంపిన మొక్క కాండెలిల్లా. మన జెముడు కుటుంబానిదే, ఉత్తర మెక్సికోలోని చివావా ఎడారిలో సహజంగా పెరుగుతుంది. ఆకులు ఉండవన్నట్టే, పుల్లల్లాంటి కాండాల మీద మైనం పేరుకుంటుంది. దాన్ని అక్కడ పండించడం తక్కువ, అడవిలో పీకి తెచ్చుకోవడమే ఎక్కువ. పెద్ద తొట్లలో నీళ్లు, కొద్దిగా గంధకామ్లం వేసి ఉడకబెడితే మైనం నురగలాగా తేలుతుంది, దాన్ని గరిటెతో తీస్తారు. అడవిలో మొక్క తగ్గిపోతోందని అంతర్జాతీయ వ్యాపారం మీద నిఘా పెట్టారు. అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో రెండో అనుబంధంలో ఉంది ఆ మొక్క. ఆమ్లంతో ఉడకబెట్టే కూలీల చేతులు, కళ్లు ఏమవుతాయో ఊహించుకోవచ్చు. గంధకామ్లం బదులు నిమ్మరసంలో ఉండే సిట్రిక్ ఆమ్లం వాడొచ్చా అని అక్కడి శాస్త్రవేత్తలు పనిచేస్తున్నారంటే అందుకే.

దీనికన్నా పేరున్నది కార్నాబా. బ్రెజిల్ ఈశాన్యంలో పియావీ, సియారా రాష్ట్రాల్లో పెరిగే తాటిజాతి చెట్టు ఆకుల మీది మైనం. 82 డిగ్రీలు దాటితే కానీ కరగదు, మొక్కల మైనాల్లో అన్నిటికన్నా గట్టిది. మాత్రల మీద మెరుపు, చాక్లెట్ గోలీల మీద నునుపు, లిప్‌స్టిక్, కారు పాలిష్ అన్నిటా ఉంటుంది. 1935లో అమెరికాలో మైనం పాలిష్‌ల వ్యాపారి హెర్బర్ట్ జాన్సన్ నీటి మీదా నేల మీదా దిగగలిగే చిన్న విమానంలో బ్రెజిల్ దాకా ఈ చెట్టును వెతుక్కుంటూ వెళ్లాడు. ఇప్పుడు పెనుకొండలో తయారైన కారును అనంతపురంలో కడిగించుకుని పాలిష్ పెట్టించుకునే మనిషి కూడా ఆ డబ్బా మీద కార్నాబా అని రాసుంటే నాలుగు డబ్బులు ఎక్కువిస్తాడు.

ఈ చెట్టు గురించి రైతు తెలుసుకోవాల్సింది ఒకటుంది. నీళ్లు బాగా ఉన్న చోట నాటితే చెట్టు ఏపుగా పెరుగుతుంది, మైనం మాత్రం ఇవ్వదు. ఎండ మాడ్చాలి, వాన ముఖం చాటేయాలి, అప్పుడే ఆకు మీద మైనం పేరుకుంటుంది. అందులోనూ ఒక్కో ఆకుకు వచ్చేది కొన్ని గ్రాములే. పొడవాటి వెదురు కర్ర చివర కొడవలి కట్టి ఆకులు కోసి, ఎండలో ఆరబెట్టి, కొట్టి పొడి రాల్చి, దాన్ని కరిగించి వడకట్టాలి. అంతా మనిషి కష్టమే. ఆ కోత కూలీలను బానిసల్లాగా ఉంచుతున్నారని బ్రెజిల్ కార్మిక శాఖ తనిఖీల్లోనే బయటపడింది. తాగే నీళ్లు లేవు, పడుకునే చోటు లేదు. కరువు ప్రాంతం, వలస కూలీ, మధ్యలో దళారీ, చివర్లో ఎక్కడో మెరిసే సరుకు. ఈ వరస రాయలసీమ మనిషికి కొత్తగా చెప్పాలా?

అదీకాక, అద్భుత మొక్కలు మనకు కొత్త కాదు. 2000ల్లో బయోడీజిల్ పేరుతో అడవి ఆముదం నాటండి అని ఊరూరా చెప్పారు. బీడు భూమిలో పెరుగుతుంది, పశువు ముట్టదు, గింజలో నూనె ఉంది. అన్నీ నిజాలే. ఎంత గింజ కాస్తుంది, ఎవడు కొంటాడు, ఏరే కూలీకి ఎంతవుతుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాలేదు. బీడులో పెరగడం వేరు, బీడులో పండటం వేరు. కాండెలిల్లాను కూడా రాజస్థాన్‌లో ఇంధనపు మొక్కగా పరీక్షించిన శాస్త్రవేత్తలున్నారు. హోహోబా అనే ఎడారి మొక్కనైతే జోధ్‌పూర్‌లోని కేంద్ర ఎడారి పరిశోధన సంస్థ 1960ల్లోనే తెప్పించింది. దాని గింజలో ఉండేది నూనె కాదు, ద్రవరూపంలో ఉన్న మైనం. 1970ల మొదట్లో అమెరికా తిమింగలం నూనెను నిషేధించాక ప్రపంచమంతా దానివైపు చూసింది. అందులో ఆడ మొక్కలు వేరు, మగ మొక్కలు వేరు, పూతకొచ్చేదాకా ఏది ఏదో తెలియదు. కాపు నిలబడాలంటే ఏళ్లు ఆగాలి. బ్యాంకు వడ్డీ అన్నేళ్లు ఆగదు కదా.

అందుకే మా వాడికి చెప్పింది ఒక్కటే. మైనం కోసం ప్రత్యేకంగా పంట పెట్టొద్దు. మనం ఇప్పటికే పండిస్తున్న దాంట్లో ఉన్న మైనాన్ని చూద్దాం.

ఎక్కడుంది? మొదట నంద్యాల మిల్లుల్లో. కేసీ కాలువ కింద పండే సోనా బియ్యం పేరు అందరికీ తెలుసు. ఆ బియ్యం తెల్లబడటానికి పోయే తవుడులో 15 నుంచి 20 శాతం నూనె ఉంటుంది. తవుడు మరలోంచి బయటపడ్డ కొద్ది గంటల్లోనే అందులోని ఎంజైమ్ నూనెను చెడగొట్టడం మొదలుపెడుతుంది, అందుకే నూనె తీసే ఫ్యాక్టరీకి అది పరుగు మీద చేరాలి. అక్కడ హెక్సేన్ అనే ద్రావకంతో నూనె లాగుతారు. ఆ ముడి నూనెలో రెండు నుంచి నాలుగు శాతం దాకా మైనం ఉంటుంది. తీయకపోతే చలికాలంలో సీసా అడుగున మబ్బులాగా దిగి, కొన్నవాళ్లు కల్తీ అంటారు. కాబట్టి నూనెను నెమ్మదిగా చల్లబరిచి, మైనం గడ్డకట్టాక వడగడతారు. ఫిల్టర్ గుడ్డకు పట్టుకుని మిగిలేది ముదురు గోధుమ రంగు మడ్డి. జిడ్డుగా ఉంటుంది, వాసన వేస్తుంది. అందులో సగానికి సగం నూనే ఉంటుంది. దాన్ని చాలా చోట్ల సబ్బుల వాళ్లకు చవగ్గా తోసేస్తారు.

ఆ మడ్డిని శుభ్రం చేస్తే వచ్చే మైనం దాదాపు 80 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కార్నాబాకు ఒక మెట్టు కింద, అంతే. దేశంలో ఏటా అటూఇటూగా 10 లక్షల టన్నుల తవుడు నూనె తీస్తున్నాం. మైనం రెండు శాతమే అనుకున్నా 20 వేల టన్నులు. బ్రెజిల్ ఏడాది పొడవునా ఆకులు కోసి, కొట్టి, కరిగించి తీసే కార్నాబా కూడా ఇంచుమించు అంతే. వాళ్లు ఆకులు కోసి తెచ్చేంత సరుకు మన దగ్గర వడపోత గుడ్డకు అంటుకుని ఉంది. ఒక్క సెంటు భూమి మార్చనక్కర్లేదు, ఒక్క బోరు వేయనక్కర్లేదు.

దీంతో ఏం చేయొచ్చు అన్న దాని మీద గత ఇరవై ఏళ్లలో చాలా పని జరిగింది. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది నూనెను గట్టిపరచడం. నూనెను వేడిచేసి అందులో నూటికి కొద్ది గ్రాముల మైనం కరిగించి చల్లారనిస్తే, మైనం సన్నటి పలుకులుగా అల్లుకుపోయి నూనెను మధ్యలో బంధిస్తుంది. గిన్నె బోర్లించినా కారదు. కెనడాలో గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో తవుడు మైనంతో గట్టిపరిచిన నూనెను పాలకొవ్వు బదులు వేసి ఐస్‌క్రీమ్ చేసి చూశారు. మనకు ఐస్‌క్రీమ్ కన్నా దగ్గరిది బేకరీ. కర్నూల్లో సాయంత్రం పూట ఎగ్ పఫ్ తినని కుర్రాడుంటాడా? ఆ పొరలు విడివడాలంటే గట్టి కొవ్వు కావాలి, అందుకు ఇన్నాళ్లూ వనస్పతి. వనస్పతిలోని ట్రాన్స్ ఫ్యాట్ గుండెకు చేటని నూనెలు, కొవ్వుల్లో దాన్ని 2022 జనవరి నుంచి 2 శాతానికి మించకూడదని దేశపు ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన పెట్టింది. ఆ ఖాళీలోకి ఇప్పుడు ఎక్కువగా పామాయిల్ సరుకు వచ్చి కూర్చుంటోంది. అదీ దిగుమతే. వేరుశనగ నూనెనో పొద్దుతిరుగుడు నూనెనో తవుడు మైనంతో గట్టిపరిచి పఫ్ చేయగలమా అన్నది అనంతపురంలో అడగాల్సిన ప్రశ్న.

అంత సులువేం కాదు. మైనం ఎక్కువైతే నాలుకకు పూత పూసినట్టుంటుంది, 80 డిగ్రీల్లో కరిగేది నోట్లో ఎట్లా కరుగుతుంది? అందుకే తక్కువ మోతాదులో పనయ్యేట్టు చూడాలి. పొరల పిండికి కావాల్సిన సాగుడు గుణం మైనం జెల్‌లో తక్కువ. మడ్డి రంగు ఇంకో తలనొప్పి. దాన్ని తెల్లబరచడానికి బ్లీచ్ చేయాలి, నూనె వదిలించడానికి మళ్లీ ద్రావకాలు వాడాలి. ఖర్చంతా అక్కడే. చిన్న మిల్లు వాడు ఆ ఖర్చు పెట్టి మైనం తీసేకన్నా సబ్బుల వాడికి అమ్ముకోవడమే మేలనుకుంటే వాణ్ని తప్పుపట్టలేం. పరిశోధన చేయాల్సిందల్లా ఆ లెక్క మార్చడమే. అనంతపురంలో జేఎన్టీయూ కింద నూనెల సాంకేతికత కోసమే ఒక పరిశోధన సంస్థ ఉంది. హైదరాబాద్‌లో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ తవుడు నూనెలోని జిగురును ఎంజైమ్‌తో తీసే పద్ధతి తయారుచేసి పరిశ్రమకిచ్చింది. అంటే పని తెలిసినవాళ్లు మన మధ్యనే ఉన్నారు. మిల్లు గేటు దగ్గర పోగుపడే మడ్డి వాళ్ల లెక్కల్లోకి ఎంత వస్తోంది అన్నదే నా సందేహం.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మైనం పేరుతో వచ్చే ప్రతి పేపరునూ నెత్తిన పెట్టుకోకూడదు. 1977లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ రైస్ బృందం లూసర్న్ గడ్డి మైనంలోంచి ట్రైకాంటనాల్ అనే ఆల్కహాల్‌ను వేరుచేసి, అతి కొద్ది మోతాదులో చల్లినా మొక్క ఎదుగుతోందని చూపించింది. పెద్ద సంచలనం. ఆ తర్వాత పొలాల్లో పెట్టిన పరీక్షల్లో ఒకచోట పనిచేసింది, ఇంకోచోట చేయలేదు. మన పురుగుమందుల అంగళ్లలో మాత్రం అది అన్నిచోట్లా పనిచేసే మందు. చెనక్కాయకు మందు కొనడానికి పోతే, అడగకపోయినా బిల్లులో ఒక సీసా ఎక్కుతుంది. "పూత నిలబడుతుంది, వేసుకో రెడ్డన్నా" అంటాడు. వాన పడితే నిలబడుతుంది, పడకపోతే నిలబడదు. సీసాకు మాత్రం పేరొస్తుంది.

ఇంకోటి చెరకు మైనం. చక్కెర ఫ్యాక్టరీలో రసం వడకట్టాక మిగిలే మడ్డిలోంచి తీస్తారు. అందులోని ఆల్కహాళ్ల మిశ్రమానికి పోలికోసనాల్ అని పేరుపెట్టి, కొలెస్ట్రాల్ తగ్గిస్తుందని క్యూబా పరిశోధకులు ఏళ్ల తరబడి పేపర్లు రాశారు. చదివితే ఎవరికైనా నమ్మబుద్ధేస్తుంది. 2006లో జర్మనీ వైద్యులు 143 మంది రోగులకు 12 వారాలపాటు, 10 నుంచి 80 మిల్లీగ్రాముల దాకా రకరకాల మోతాదుల్లో ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా లేదు. ఒకే చోట, ఒకే గుంపు చేసిన పరిశోధన ఎంత ఉన్నా, వేరే వాళ్లు వేరే చోట చేసి చూసేదాకా ఆగడం మంచిది. ఒంట్లోకి పోయే మైనం కథల కన్నా ఒంటిమీద ఉండే మైనం పనులు నాకు ఎక్కువ నమ్మకంగా కనిపిస్తాయి, మొక్క దాన్ని పుట్టించింది అందుకే కాబట్టి.

ఒంటిమీది మైనం అంటే తామరాకు రాకుండా ఎట్లా ఉంటుంది. తామరాకు మీద నీటిబొట్టు అని మనం వేదాంతంగా చెప్పుకునేదాన్ని జర్మనీ వృక్షశాస్త్రవేత్తలు బార్ట్‌లాట్, నైన్‌హుయిస్ 1997లో లెక్కగా చెప్పారు. ఆకు మీద సన్నటి బొడిపెలు, వాటి మీద మైనపు గొట్టాలు. చుక్క ఆ కొనల మీద నిలబడి దొర్లుతూ దుమ్మును ఎత్తుకుపోతుంది. ఇది మనకెందుకంటే, ఓర్వకల్లు వైపు గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. పలకల మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది, దుమ్ము పోవాలంటే నీళ్లతో కడగాలి. నీళ్లు లేని చోట ఎండను అమ్ముకుంటూ ఆ ఎండ కోసం నీళ్లు పోస్తున్నాం! తామరాకు పూతలు అద్దానికి వేయాలని ప్రపంచమంతా ప్రయత్నిస్తున్నారు. గాలికి, ఇసుకకు, తుడుపుకు అవి అరిగిపోతున్నాయి. ఆకు అరిగిన మైనాన్ని మళ్లీ పుట్టించుకుంటుంది, అద్దం పుట్టించుకోదు. ఈ చిక్కు ముడి విప్పినవాడికి రాయలసీమలో గుడి కట్టొచ్చు.

మైనాన్ని గీకి అమ్ముకోవడం ఒక్కటే దాని వాడకం కాదు. చెట్టు మీద ఉండగానే వాడుకోవడం ఉంది చూడండి, అది మనవాళ్లు ముందునుంచీ చేస్తున్నదే. ఆముదం రకాలను విడదీసేటప్పుడు మైనపు పొడి ఉందా, కాండం మీదేనా, ఆకు అడుగునా పైనా కూడా ఉందా అని చూస్తారు. అన్నిచోట్లా ఉన్న రకాలకు పచ్చదోమ తక్కువ పడుతుంది. దీన్నిబట్టి మైనం ఎంత ఉంటే అంత మంచిదనుకుంటే జొన్న దగ్గర దెబ్బతింటాం. లేత జొన్న మొక్క ఆకులు మైనం తక్కువై నిగనిగలాడుతుంటే మొవ్వు ఈగ బెడద తక్కువని పటాన్‌చెరులోని మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో చూశారు. ఆకు మీద తడి నిలవకపోతే ఈగ పురుగు మొవ్వులోకి పాకలేదు. చిన్నప్పుడు మైనం తక్కువ, పెద్దయ్యాక ఎక్కువ ఉండాలి జొన్నకు. నంద్యాల పరిశోధన స్థానం తెల్లజొన్న రకాలు ఇచ్చిన చోటు. అట్లాంటి చోట కరువుకు తట్టుకోవడం గురించి మాట్లాడేటప్పుడు వేరుతోపాటు తోలు మీద కూడా కన్నుండాలి. అన్నట్టు, జొన్న గింజ పొట్టు మీది మైనం కార్నాబాకు బాగా దగ్గరగా ఉంటుందని అమెరికాలో నెబ్రాస్కా వాళ్లు తేల్చారు. గింజ బరువులో వెయ్యింటికి రెండు మూడు పాళ్లే, కాబట్టి దానికోసం జొన్న పండించాలని ఎవరూ వీడియో పెట్టకుండా ఉంటే చాలు.

చివరికి మళ్లీ చీనీ. ఆపిల్‌ను కత్తితో గీకి, ఇదిగో మైనం, ఇదే క్యాన్సర్ అని వాట్సాప్‌లో తిరిగే వీడియోలు అందరూ చూసే ఉంటారు. ఆపిల్‌కు పుట్టుకతోనే మైనం ఉంటుంది. తోటలో కోసి కడిగినప్పుడు అది కొంత పోతుంది కాబట్టి ప్యాకింగ్ చోట మళ్లీ పూస్తారు. తేనె మైనం, కార్నాబా, లక్క వంటివి పూయడానికి మన చట్టం ఒప్పుకుంటుంది, కాకపోతే మైనం పూశామని, ఏ మైనమో పేరుతో సహా లేబుల్ మీద రాయాలంటుంది. గీకుడు పరీక్షలో ఏ మైనమో తెలియదు, ఉందనే తెలుస్తుంది. భయపడాల్సింది మైనం ఉన్నందుకు కాదు, పెట్టె మీద పేరు లేనందుకు. బండి మీద పళ్లు అమ్మే ఆయన్ను పట్టుకుని "ఏమప్పా, కాయకు ఏం పూసినారు?" అంటే ఆయనేం చెబుతాడు? పెట్టె మీద రాసుంటే కదా.

ఇదే పూత చీనీకి పెద్ద సాయం. ఎండాకాలం 42 డిగ్రీల్లో లారీ ఎక్కి ఢిల్లీ దాకా పోయే కాయ దారి పొడవునా చెమట పోస్తూనే పోతుంది. మైసూరులోని ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్ఐ దశాబ్దాల కిందటే పళ్లకు పూసే మైనపు ఎమల్షన్ (నీళ్లలో సన్నగా కలిపిన మైనం) తయారుచేసింది. ఇక 1990ల్లో అమెరికాలో ఫ్లోరిడా నారింజ పరిశోధకులు తేల్చిన ఒక సంగతి మన వ్యాపారులకు నచ్చదు. అద్దంలా మెరవాలంటే లక్క పూత వేయాలి, కానీ అది గాలిని బిగించేస్తుంది, నీటిని అంతగా ఆపదు. లోపల ఊపిరాడక కాయ పులిసి, కొరికితే కల్లు వాసన వేస్తుంది. కార్నాబా, కాండెలిల్లా లాంటి మైనాలు మెరుపు తక్కువిస్తాయి, నీటిని మాత్రం బాగా పట్టుకుంటాయి, గాలిని ఆడనిస్తాయి. అంగట్లో మెరుపుకు ధర. మనకు కావాల్సింది బరువు. తవుడు మైనాన్ని పళ్ల మీద కిలోకు 50 మిల్లీగ్రాముల లోపు వాడొచ్చని అమెరికా ఆహార నిబంధనల్లో ఎప్పటినుంచో ఉంది. నంద్యాల మడ్డిలోంచి తీసిన మైనం అనంతపురం చీనీ మీద ఎంత నీటిని ఆపుతుందో, కల్లు వాసన రాకుండా ఎంత మందం వేయొచ్చో తేల్చడానికి రాకెట్లు అక్కర్లేదు, ఒక తూకం యంత్రం, నాలుగు వేడి గదులు, ఓపికున్న పిల్లలు చాలు.

అయినా నాకొక అనుమానం మిగిలే ఉంది. మా వైపు చీనీ అమ్మిన ఏ రైతునడిగినా సూట్ సంగతి చెబుతాడు. టన్నుకు ఇన్ని కిలోలని లెక్కలోంచి ముందే తీసేయడం. కాయ దారిలో ఆరిపోతుంది, కొంత కుళ్లుతుంది అనేది కొనేవాళ్లు చెప్పే కారణాల్లో ఒకటి. అంటే ఢిల్లీ దారిలో ఆవిరయ్యే నీళ్లకు డబ్బు కట్టేది నార్పల రైతు. రేపు మైనం పూసి ఆ ఆవిరిని సగానికి తగ్గించామనుకోండి, సూట్ అట్లే ఉంటే మిగిలిన బరువు ఎవరి జేబులోకి పోతుంది? పూత ఖర్చు రైతు మీద పడి, లాభం లారీ ఎక్కిపోతుంది. అందుకే ఈ పరీక్ష ల్యాబులో ఒక్కచోటే చేస్తే చాలదు. పూసిన పెట్టెలు, పూయని పెట్టెలు ఒకే లారీలో ఎక్కించి, ఇక్కడొకసారి, ఢిల్లీ మండీలో దిగాక ఒకసారి తూకం వేసి, ఆ కాగితం రైతు సంఘం చేతికివ్వాలి. మా వాడు చెట్లు కొట్టడం ప్రస్తుతానికి ఆపాడు. పెట్టెలు ఇస్తాను, లారీ వాడితో నేనే మాట్లాడతాను అంటున్నాడు. మైనం శుభ్రం చేసిచ్చే మిల్లు ఒకటి కావాలి.